నేల కింద గోధుమలు

ఆర్డిస్ కాలు నేలలోకి దిగబడింది సోమవారం నాడు. శనివారం తెల్లవారేసరికి కోత ముఠా టెక్సస్ దారి పట్టాలి.

ఆవిడ పిండి డబ్బా రెండు చేతులతో ఎత్తుకుని వంట ట్రైలర్‌లో పొయ్యి వైపు నడుస్తోంది. నానిన అట్టపెట్టె చిరిగినట్టు మెత్తటి చప్పుడైంది. కుడికాలు పిక్కదాకా లోపలికి పోయింది. ఆవిడ అరవలేదు, డబ్బా వదల్లేదు.

"ట్వైలా! ముందు ఈ డబ్బా అందుకో. కాలు ఎక్కడికీ పోదులే" అంది.

కోడలు ట్వైలా డబ్బా అందుకుని గట్టు మీద పెట్టి, తర్వాత అత్తను పైకి లాగింది. పిక్క మీద చర్మం గీసుకుపోయి రెండు మూడు చెక్క పేళ్ళు గుచ్చుకున్నాయి. మురుగు వాసన గుప్పున పైకొచ్చింది.

సందడి విని షెడ్డులోంచి ఎల్డన్ కాఫ్‌మన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ట్వైలాకు మామగారు, ముఠాకు పెద్ద. మే నెలలో టెక్సస్‌లో మొదలుపెట్టి, గోధుమ పండే కొద్దీ ఉత్తరానికి జరుగుతూ, ఆగస్టుకు మోంటానా చేరేదాకా ఊరూరా రైతుల పొలాలు కోసిపెట్టడం ఆ ఇంటి వృత్తి. ఆయన తండ్రి మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన, కొడుకు లైల్ కలిసి నాలుగు కోత మిషన్లు నడుపుతున్నారు. ముఠాతో పాటు ఈ ట్రైలర్ కూడా కదులుతుంది. సాయంత్రం ఏడింటికి మిషన్లు ఎక్కడుంటే అక్కడికి, ఏ పొలం గట్టు మీదికైనా వేడివేడి భోజనం వెళ్ళాలి. ముప్పై ఒక్క కోతలుగా ఆర్డిస్ ఆ మాట తప్పలేదు.

ఎల్డన్ గుంతలోకి తొంగిచూశాడు. "అయిపోయింది. దీని పని అయిపోయింది. ఈ ఏడు వంట బండి రాదు. కుర్రాళ్ళు ఏ ఊరికి దగ్గరుంటే ఆ ఊళ్ళో పిజ్జా తెచ్చుకుంటారు."

"మరి అత్తయ్య?" అంది ట్వైలా.

"ఇంటిపట్టున ఉంటుంది. తోట ఉంది, కోళ్ళున్నాయి. నాలుగు నెలలు హాయిగా కూచోమను."

ఆర్డిస్ మెట్టు మీద కూర్చుని పిక్కలో పేళ్ళు ఒక్కొక్కటే లాగింది. కాలు తుడుచుకున్న గుడ్డను నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది. ట్వైలా ఆ ఇంటికొచ్చి ఆరేళ్ళయింది. అత్తకు కోపమొస్తే నోరు లేస్తుంది, మనసు కష్టపడితే చేతిలో గుడ్డ మడతలు పడుతుంది. ఇది ఆమె ఎవరినీ అడక్కుండా చూసి తెలుసుకున్న సంగతి.

"శనివారంలోపు నేల నేను వేసిస్తాను మామయ్యా" అంది ట్వైలా.

ఎల్డన్ నవ్వాడు. "అమ్మాయ్, నేను మూడుసార్లు వేశాను. మూడుసార్లూ ఆ సింకు తినేసింది. ఏటా పైపు బిగిస్తూనే ఉన్నా, అది కారుతూనే ఉంది."

"కారుతుంటే చూశారా?"

"చూసేదేముంది? నేల కుళ్ళింది వంటగదిలో. నీళ్ళుండేది సింకులో. ఇంకెక్కణ్ణుంచొస్తాయి, ఆకాశంలోంచా?"

పెళ్ళికి ముందు ఏడేళ్ళు ట్వైలా ట్రైలర్లు బాగుచేసే షెడ్డులో పనిచేసింది. అక్కడి మేస్త్రి మొదటి రోజే చెప్పిన మాట ఒకటుంది: ముందు నీటిని పట్టుకో, తర్వాత నేలను ముట్టుకో. నీటిని పట్టుకోనివాడు ఎన్ని నేలలు వేసినా ఆ నీటికి మేత వేసినట్టే.

"శుక్రవారం సాయంత్రం వచ్చి చూడండి" అంది.

"చూడ్డం కాదు. నా బూట్లేసుకొచ్చి నడిమధ్యన గెంతుతా. కిర్రుమందా, బండి పాత ఇనప సామాన్ల కొట్టుకు పోతుంది."

"గెంతండి."

ఆయన వెళ్ళాక ఆర్డిస్ తలెత్తింది. "ఎందుకే పిల్లా మాటిచ్చావు? నాలుగు రోజులే ఉంది."

"నాలుగు రోజులుంది అత్తయ్యా" అంది ట్వైలా, 'లే' తీసేసి.

*

ముందు ఆమె బూట్లు విప్పింది. మేజోళ్ళ కాళ్ళతో ట్రైలర్ ఈ చివర నుంచి ఆ చివరకు జానెడు జానెడు అడుగులు వేసింది. గట్టిగా ఉన్నచోట మడమకు తెలుస్తుంది, మెత్తబడ్డచోట బొటనవేలికి తెలుస్తుంది. మెత్తబడ్డ ప్రతిచోటా వంగి సుద్దముక్కతో గీత పెట్టింది. గీతలన్నీ కలిపాక ట్రైలర్ ముందు గోడ ఎడమ మూల దగ్గర వెడల్పుగా మొదలై, పొయ్యి ముందుకు వచ్చేసరికి సన్నబడిన ఆకారం తేలింది, ఆవు నాలుకలాగా. సింకు ఆ నాలుక పక్కన ఉంది గాని, నాలుక సింకు దగ్గర పుట్టలేదు.

ట్వైలా చాలాసేపు ఆ గీతలనే చూసింది.

మంగళవారం పొద్దున్నే భర్త లైల్‌తో కలిసి పొయ్యి బయటికి మోసింది. అల్మరాల అడుగు చెక్కలు విప్పింది. ఉలి, చిన్న పలుగు తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని పై పొర లేపింది. దాని కింద ఇంకో పొర. దాని కింద మరొకటి. ఎల్డన్ పాతది తీయకుండా దాని మీదే కొత్తది వేస్తూ వచ్చాడు.

ఆర్డిస్ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఈ బూడిద రంగుది నీ పెళ్ళికి ముందేడు వేశాడు. దాని కింద గోధుమరంగుది వడగళ్ళు పడ్డ ఏడు. ఆ అడుగున ఆకుపచ్చ గళ్ళది చూశావూ, దాని మీదే లైల్ పాకడం నేర్చుకున్నాడు."

"పాకుతూ ఏం తినేవాడినో" అన్నాడు లైల్, చేతిలో ఏదో ఏరి చూపిస్తూ.

గోధుమ గింజలు. పొరకూ పొరకూ మధ్య గుప్పెళ్ళకు గుప్పెళ్ళున్నాయి. ముప్పై ఏళ్ళు మగవాళ్ళు పొలంలోంచి నేరుగా తిండికొచ్చి, బూట్లలోంచి, ప్యాంటు మడతల్లోంచి రాల్చినవి. అంచుల సందుల్లోకి దొర్లి లోపల చేరాయి. కోత ముఠా బండి కాకపోతే ఆ నేల కింద ఉత్త దుమ్ముండేది.

ముందు మూల దగ్గరికి వచ్చేసరికి ట్వైలా చేతులు ఆగిపోయాయి. అక్కడి గింజలు మొలకెత్తాయి. వెలుగు తగలక తెల్లగా, దారప్పోగుల్లా, చెక్కకు అంటుకుని పడుకున్నాయి. అక్కడి నుంచి పొయ్యి దాకా మొలకలు చిన్నవవుతూ వచ్చాయి. సింకు వైపు జరిగి చూసింది. సింకు కింద గింజలు గింజల్లాగే ఉన్నాయి, రాలిన రోజు ఎలా ఉన్నాయో అలాగే.

ఆమె నవ్వుకుంది. రెండు టీ కప్పులు తెచ్చి, ఒకదాంట్లో సింకు కింది గింజలు, ఇంకొకదాంట్లో ముందు మూల గింజలు వేసింది. మొలకలు గిల్లేసి, గుడ్డతో తుడిచింది.

ఎల్డన్ గింజ కొరికి చెప్తే తిరుగుండదని టెక్సస్ నుంచి మోంటానా దాకా పేరు. తేమ కొలిచే మిషన్ జేబులోనే ఉంటుంది, అయినా ముందు గింజ పంటి కింద పెడతాడు. 'పద్నాలుగున్నర శాతం, రేపు మధ్యాహ్నం దాకా ఆగాలి' అంటాడు. తర్వాత మిషన్ పెడితే అర శాతం తేడా ఉండదు. ఆ పన్ను మీద ఆయనకు ఉన్నంత గర్వం నాలుగు మిషన్ల మీదా లేదు.

షెడ్డులో ఆయన టైరుకు గాలి కొడుతున్నాడు. ట్వైలా మొదటి కప్పు చాపింది. "మామయ్యా, ఇదెంతుంటుందో చెప్పండి."

"ఎక్కడిది?"

"చెప్పాక చెప్తాను."

ఆయన ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. టక్కుమంది. ఇంకోటి వేసుకున్నాడు. టక్కుమంది. "పదకొండు. పైన ఉంటే చెవి కోసిస్తా. పాత గింజ. కొట్టులో బాగా దాచారు. ఎవరిది?"

"మరి ఇది?"

రెండో గింజ టక్కుమనలేదు. ఆయన మొహం చిట్లించి ఉమ్మేశాడు. "థూ! ఇది గింజా, గంజి. నానిపోయింది. మొలకొచ్చిన గింజ తెచ్చి నాకు పెడతావా?"

"ఇది ట్రైలర్ ముందు మూలలోది."

"మొదటిది?"

"మీ సింకు కిందది."

ఎల్డన్ మొదటి కప్పు వైపు చూశాడు, ట్వైలా వైపు చూశాడు. ట్వైలా వెనకే వచ్చిన ఆర్డిస్ నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ముప్పై ఏళ్ళ నా నేల తిన్నావు కదయ్యా! ఉప్పు సరిపోయిందా?"

"పదకొండు అని మీరే చెప్పారు" అంది ట్వైలా మెల్లగా. "సింకు పదేళ్ళుగానో ఇరవయ్యేళ్ళుగానో చుక్క కార్చలేదు మామయ్యా. ఊరికే దాన్ని తిట్టారు."

ఎల్డన్ టైరు పైపు కింద పెట్టాడు. "సరే. సింకు కాదనుకో. మరి ముందు మూలలోకి నీళ్ళెక్కడివి?"

"ఆకాశంలోంచే" అంది ట్వైలా.

*

కోతలు ముగిసి కాన్సస్‌లో ఇల్లు చేరిన ట్రైలర్‌ను ఎల్డన్ ఏటా ఒకేచోట పెడతాడు, షెడ్డు దక్షిణపు వైపు, ముక్కు, అంటే బండికి తగిలించే ముందు కొస, కిందికి దించి. జాకీ చివరి మర దాకా తిప్పి ముక్కు నేలకు ఆనించందే ఆయనకు నిద్రపట్టదు. ముక్కు ఎత్తుగా ఉంటే కాన్సస్ గాలి కిందికి దూరి బండిని ఊపేస్తుందని, ఆయన తండ్రి అలాగే పెట్టేవాడని చెప్తాడు. శీతాకాలమంతా బండి తల వంచుకునే ఉంటుంది. ఇంకా అలాగే ఉంది.

లైల్ నిచ్చెన వేసుకుని పైపుతో ట్రైలర్ పైకప్పు మీద నీళ్ళు వదిలాడు. ట్వైలా లోపల ముందు మూలలో గోడ పలక విప్పి, టార్చిలైటు పెట్టి కూర్చుంది. పక్కన ఎల్డన్ గొంతుకూర్చుని వాచీ చూసుకుంటున్నాడు.

"ఏమీ లేదు" అన్నాడు రెండు నిమిషాలకు.

"ఆగండి."

కప్పు మీది నీళ్ళు వెనక్కి పోయే దారిలేక ముందు అంచున పళ్ళెంలో నిలబడ్డట్టు నిలబడ్డాయని పైనుంచి లైల్ కేకేశాడు. నాలుగో నిమిషంలో గోడ లోపల కర్ర నల్లబడింది. చుక్క కనబడలేదు, తడి మాత్రం పై నుంచి కిందికి వేలు గీసినట్టు దిగింది. నేల అంచుకు చేరి, లోపలికి తిరిగింది. ఎల్డన్ వేలితో దాన్ని తాకి, ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు.

ట్వైలా బయటికెళ్ళి జాకీ పిడి తిప్పింది. ముక్కు పైకి లేచింది. వాలు చూసే రసమట్టంలో బుడగ ముందుకు జరిగేదాకా తిప్పింది. లోపల తడి తుడిచి, మళ్ళీ నీళ్ళు వదలమంది. నీళ్ళన్నీ వెనక్కి పరిగెత్తి బంపరు మీద నుంచి ధారకట్టాయి. పావుగంట అయింది. కర్ర మీద కొత్త తడి లేదు.

"మా నాన్న..." అని ఆగిపోయాడు ఎల్డన్.

"మీ నాన్నగారు చేసింది తప్పు కాదు మామయ్యా. హాల్లో ఫొటోలో ఆయన బండి చూశాను. కప్పు గుడ్డు పెంకులా గుండ్రం. ముక్కు ఎటు దించినా నీళ్ళు జారిపోతాయి. దీని కప్పు బల్లపరుపు. ఆ బండి అలవాటు ఈ బండికి పెట్టారు."

ఎల్డన్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నీళ్ళు దొరికాయి, బాగానే ఉంది. నేలెక్కడ? ఇంకా గుంతే ఉంది" అని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

*

బుధవారం ట్వైలా కరెంటు రంపం పట్టింది. పలక మందమెంతో కొలిచి, రంపం పన్ను అంతే దిగేలా బిగించింది. కింద గ్యాసు గొట్టం ఉంది, లైట్ల తీగ ఉంది. నూలు మందం ఎక్కువ దిగినా రెండూ పోతాయి. కుళ్ళిందంతా కోసి, గట్టి చెక్క తగిలాక ఇంకో చెయ్యెడు కోసింది. చలి ఆపడానికి కింద పరిచి, ఇప్పుడు తడిసిపోయిన గాజుదూదిని సంచుల్లోకి ఎత్తింది. అడుగున నల్ల ప్లాస్టిక్ తెరలో నిలిచిన నీళ్ళు కన్నం చేసి వదిలేసింది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ముందు గోడ నిలబడ్డ అడ్డకర్ర కూడా మూల దగ్గర మూరెడు మేర పొడైపోయింది. ఆమె స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే జున్నులోకి దిగినట్టు దిగింది. గోడ దాని మీద కూర్చుని ఉంది. కర్ర మార్చాలంటే గోడను వేలి మందం పైకెత్తి పట్టుకోవాలి.

ట్వైలా షెడ్డుకెళ్ళింది. "మామయ్యా, గోడ ఎత్తాలి. నేను కింద చెయ్యిపెట్టి కర్ర లాగుతాను. జాకీ దగ్గర నమ్మకమైన మనిషి కావాలి."

"లైల్ లేడా?"

"నా చెయ్యి నలగకూడదనుకుంటున్నాను."

లైల్ "అదేంటే!" అన్నాడు గాని, ఎల్డన్ అప్పటికే జాకీ అందుకున్నాడు. "వాడు టైరు ఎత్తినట్టు ఎత్తుతాడు. గోడను గోరంత గోరంత ఎత్తాలి. లేకపోతే కిటికీ అద్దం ఠప్పుమంటుంది."

ఇద్దరూ పక్కపక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆయన పిడి నొక్కుతున్నాడు, ఆగుతున్నాడు, చెవి పెట్టి వింటున్నాడు. ఆమె పాత కర్రను ముక్కలుగా లాగుతోంది.

"నిజం చెప్పనా అమ్మాయ్" అన్నాడు ఆయన ఉన్నట్టుండి, గొంతు తగ్గించి. "నేల ఒక్కటే కాదు. పోయినేడు నెబ్రాస్కాలో మీ అత్త మెట్టెక్కడానికి రెండుసార్లు ఆగడం చూశాను. మోకాళ్ళు. తను చచ్చినా మానేస్తాననదు. బండే పోయిందనుకో, తను మానేసినట్టు కాదు కదా అనుకున్నా."

"అత్తయ్యని అడిగారా?"

"అడిగితే వస్తానంటుంది."

"మరింకేం?"

గోడ అవతల నుంచి ఆర్డిస్ గొంతు వినిపించింది. "ఏమయ్యా, నా మోకాళ్ళ గురించి గోడతో మాట్లాడేబదులు నా మోకాళ్ళతోనే మాట్లాడొచ్చుగా!" ఆవిడ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. క్యాబేజీ, మాంసం కూరిన బీరాక్ బన్నులు పొగలు కక్కుతున్నాయి. "మెట్టు ఎత్తు. అందుకే ఆగాను. ఇంట్లో కూచుంటే తగ్గే నొప్పా ఇది? కోళ్ళ దగ్గర కూచుని నేనేం చెయ్యాలి, వాటికి ఏడింటికి భోజనం తీసుకెళ్ళాలా?"

"ఆర్డిస్, నేననేది..."

"జాకీ వదలకు!" అరిచింది ట్వైలా.

ఎల్డన్ జాకీ వదల్లేదు. ఆర్డిస్ వంగి బన్ను తుంచి ఆయన నోట్లో పెట్టింది. నోరు నిండినందువల్ల ఆయన ఇంకేమీ అనలేకపోయాడు. కొత్త కర్ర బిగుతుగా లోపలికి దూరింది. గోడ దాని మీదికి దిగి కూర్చుంది. కిటికీ అద్దం చప్పుడు చెయ్యలేదు.

ఆ సాయంత్రం ట్వైలా మిగిలిన చెక్కతో తలుపు ముందు పెట్టడానికి ఇంకో మెట్టు చేసింది. పాత మెట్టుకు సగం ఎత్తు, రెండింతల వెడల్పు. దాని గురించి ఎవరితోనూ చెప్పలేదు, తెచ్చి పెట్టింది అంతే.

*

గురువారం నేల వేసే రోజు. పాత పలక మందమున్న ప్లైవుడ్డే తెచ్చింది. బరువు పెంచలేదు, ఎత్తు పెంచలేదు. నీళ్ళు తాగేది అంచులే కాబట్టి అంచులకు రెండు పూతలు రంగు పట్టించి ఆరబెట్టింది. కప్పు మూల రేకు విప్పి, ఎండి పగిలిన పాత లప్పం గీకి, కొత్త రబ్బరు పట్టీ వేసి బిగించింది. ముక్కు ఎత్తడమొక్కటే నమ్ముకుంటే, ఎప్పుడో ఒకరోజు ఎవరో మర్చిపోతారు.

ఆఖరి పలక వేసేముందు ఎల్డన్ వచ్చాడు. చొక్కా జేబులోంచి గుప్పెడు గోధుమలు తీసి, ఒకటి కొరికాడు. టక్కుమంది. "పదిన్నర" అన్నాడు. "ఆ మూలలో వెయ్యనా? ఇంకో ఇరవయ్యేళ్ళకు ఎవరైనా తెరిస్తే, వాళ్ళకి తడి సంగతి చెప్పేవి ఉండాలిగా."

"ఎలుకలొస్తాయి మామయ్యా."

ఆయన మొహం చిన్నబోయింది. ఆర్డిస్ అల్మరాలోంచి పాత ఉప్పు డబ్బా తీసిచ్చింది, మూతకు కన్నాలున్నది. తేమ లోపలికి పోతుంది, ఎలుక పోలేదు. గోధుమలు అందులో పోసి, కొత్త అడ్డకర్ర పక్కన తీగతో కట్టారు. దాని మీద పలక పడింది. ట్వైలా వరసగా మరలు బిగించింది, బెత్తెడుకొకటి.

శుక్రవారం మధ్యాహ్నానికి పైన కొత్త షీటు పరుచుకుంది. లైల్ పొయ్యి యథాస్థానంలో పెట్టాడు. ఐదు దాటాక ఎల్డన్ వచ్చాడు. ముఠా కుర్రాళ్ళు ముగ్గురు కూడా వెంట వచ్చారు. గెంతే సంగతి ఊరంతా పాకినట్టుంది. ఆయన కాళ్ళకు అడుగున ఇనుపరేకున్న పని బూట్లున్నాయి.

ట్వైలా పొయ్యి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. తాను వేసిన ప్రతి మర ఎక్కడుందో తనకు తెలుసు.

ఎల్డన్ కొత్త మెట్టు ఎక్కాడు. ఆగాడు. దిగి, మళ్ళీ ఎక్కి చూశాడు. దాని వెడల్పు మీద ఒకసారి పాదం ఆనించాడు. తర్వాత వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

"గెంతుతానన్నారు!" అన్నాడు ఒక కుర్రాడు.

"నోరుముయ్. బూటుకేం తెలుస్తుంది?"

మేజోళ్ళతో లోపలికొచ్చాడు. జానెడు జానెడు అడుగులతో ముందు మూల దాకా నడిచాడు, అక్కడి నుంచి సింకు దాకా, సింకు నుంచి పొయ్యి దాకా. పొయ్యి ముందు నిలబడి, మడమలు ఎత్తి, ఒక్కసారి బరువంతా వదిలాడు. ఏ చప్పుడూ లేదు. సింకు మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టాడు, తిట్టినందుకు ఏదో సర్దిచెప్తున్నట్టు.

"ఏమంటారు మామయ్యా?" అంది ట్వైలా.

ఎల్డన్ నోరు తెరిచాడు. ఈలోగా గుమ్మంలో ఆర్డిస్ గొంతు వినబడింది. ఆవిడ ఎక్కడా ఆగకుండా రెండు మెట్లూ ఎక్కి వచ్చింది. రెండు చేతుల నిండా పిండి డబ్బా ఉంది.

"ఆ సంగతి దారిలో మాట్లాడుకోండి. పక్కకు జరుగు ఎల్డన్, బరువుగా ఉంది."

ఆయన జరిగాడు.